టాబ్యులేట్: లాటిన్ చెక్కపలక నుంచి పహాణీ కాలమ్ దాకా

ఓట్ల లెక్కింపు రోజున వరంగల్ ఎనుమాముల మార్కెట్ గోదాముల్లో రెండు రకాల టేబుళ్లు పక్కపక్కనే పని చేస్తుంటాయి. ఒకటి నాలుగు కాళ్లది. దాని మీద ఈవీఎం కంట్రోల్ యూనిట్ పెట్టి, జాలీ అవతల కూర్చున్న ఏజెంట్లకు ఏ అభ్యర్థికి ఎన్ని పడ్డాయో చూపిస్తారు. మామూలుగా ఒక్కో అసెంబ్లీ సెగ్మెంట్‌కు ఇలాంటివి 14 వేస్తారు. రెండోది కాగితం మీదిది. ఒక్కో టేబుల్ నుంచి 17సీ ఫారం మీద వచ్చిన అంకెల్ని రిటర్నింగ్ అధికారి దగ్గర పోలింగ్ స్టేషన్ వారీగా, అభ్యర్థి వారీగా గళ్లల్లో ఎక్కించి, రౌండ్ రౌండ్‌కూ కూడుకుంటూ పోయి, చివరికి ఫారం 20గా తేల్చేది అది. బయట టీవీల ముందు టెన్షన్ పడుతూ కూర్చున్నవాళ్లంతా ఎదురుచూసేది ఈ రెండో టేబుల్ కోసమే. ఆ గళ్లల్లో ఎక్కించే పనికి ఇంగ్లీషులో ఉన్న మాట టాబ్యులేట్. రెండు టేబుళ్లకూ ఒకే పేరు ఎందుకొచ్చిందంటే, రెండూ లాటిన్‌లోని టాబులా అనే మాట నుంచి పుట్టాయి. టాబులా అంటే చెక్కపలక.

డిక్షనరీ తీసి చూస్తే టాబ్యులేట్ అంటే "పట్టికగా కూర్చడం" అని ఉంటుంది. తప్పేమీ లేదు, కానీ దానితో పని జరగదు, ఎందుకంటే రాసుకోవడానికీ, పోగుచేయడానికీ, జాబితా వేయడానికీ, పట్టిక వేయడానికీ తేడా ఏమిటో అది చెప్పదు. ఆఫీసుల్లో ఈ నాలుగింటినీ కలగలిపి వాడేస్తుంటారు. "డేటా టాబ్యులేట్ చేసి పంపండి" అని పై నుంచి వస్తే కింద నుంచి పేర్ల జాబితా ఒకటి వెళ్తుంది, అది మళ్లీ తిరిగొస్తుంది.

తేడా తెలియాలంటే ఎనుమాముల యార్డునే తీసుకోవచ్చు. మిర్చి సీజన్‌లో ఒక గుమాస్తా వచ్చింది వచ్చినట్టు రాసుకుంటూ పోయాడనుకుందాం. ఫలానా అడ్తికి (కమీషన్ ఏజెంటుకు) తేజ రకం మిర్చి 40 బస్తాలు, ఇంత ధర. తర్వాత ఇంకో అడ్తికి చపాటా 12 బస్తాలు, ఇంత ధర. మళ్లీ తేజ, తర్వాత వండర్ హాట్, మళ్లీ చపాటా. సాయంత్రానికి పది పేజీలు నిండుతాయి. అది జాబితా. చపాటాకు ఇవాళ ఎక్కువలో ఎక్కువ ఎంత పలికిందని ఒక రైతు అడిగితే ఆ పది పేజీలూ మొదటి నుంచీ చదవాలి, చదివాక కూడా ఒకటి తప్పిపోయిందేమో అన్న అనుమానం మిగులుతుంది. అదే గుమాస్తా ఎడమ పక్కన పై నుంచి కిందికి మిర్చి రకాలు రాసి, పైన అడ్డంగా వచ్చిన బస్తాలు, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర (ఎక్కువ సరుకు అమ్ముడైన ధర) అని గళ్లు వేసి నింపితే అది పట్టిక అవుతుంది. ఇప్పుడు ఆ రైతు ఏమీ చదవక్కర్లేదు, చపాటా ఉన్న వరుసలో గరిష్ఠం అన్న గడి దగ్గరికి కన్ను పోతే చాలు.

ఇందులో అసలు సంగతి ఏమిటంటే, పట్టికలో ఒక అంకెకు అర్థం అది ఉన్న చోటు నుంచి వస్తుంది. గడిలో ఉత్త 14,000 అని ఉంటుంది. అది ఏ రకానిదో, ధరో బస్తాలో, ఎక్కువో తక్కువో ఆ అంకె చెప్పదు, దాని అడ్డ వరుసా దాని నిలువు కాలమూ చెప్తాయి. జాబితాలో ప్రతి ముక్కా తన సంగతి తానే చెప్పుకోవాలి, పట్టికలో చోటే చెప్తుంది. టాబ్యులేట్ చేయడమంటే ముందు చోట్లు ఏర్పాటు చేయడం, ఆ తర్వాత దేని చోట్లో దాన్ని పెట్టడం. అంకెలు రాకముందే పని సగం అయిపోతుంది, మిగతా సగం గుమాస్తా పని. 2014 ఆగస్టు 19న తెలంగాణ అంతటా ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు ఆ రోజు జరిగింది సేకరణ. ఇంటింటి ఫారాల్లో ఉన్నది కంప్యూటర్లలోకి ఎక్కి, ఊరి వారీగా, మండలం వారీగా గళ్లల్లో కూర్చున్నాకే అందులోంచి ఏదైనా అడగడానికి వీలైంది. మొదటిది టాబ్యులేట్ కిందికి రాదు, రెండోది వస్తుంది.

దీని చుట్టుపక్కల మాటలు ఒక్కోటి ఒక్కో దారిలో వచ్చాయి. కంపైల్ అన్న మాటకు మూలంగా చెప్పే లాటిన్ క్రియకు దోచుకోవడం అని అర్థం, ఇతరుల రాతల్లోంచి ఏరుకొచ్చి ఒకచోట పడేయడం నుంచి ఇప్పటి అర్థం వచ్చింది. ఇండెక్స్ అంటే చూపే వేలు, చూపుడు వేలు. మన విషయసూచికలో ఉన్న సూచన కూడా అదే పని చేస్తుంది. కొలేట్ అంటే ఒకచోటికి తెచ్చి పోల్చి చూడటం. స్కూల్లో అయిదేసి గీతల కట్టలుగా వేసే గణన చిహ్నాలను ఇంగ్లీషులో టాలీ మార్కులు అంటారు. ఆ టాలీ మూలం టాలియా, అంటే నరికిన కర్రముక్క, ఎందుకంటే ఒకప్పుడు లెక్కను కర్ర మీద గాట్లు పెట్టి దాచుకునేవాళ్లు. వీటిలో చోటు అన్న ఆలోచన ఉన్నది టాబ్యులేట్ ఒక్కదానిలోనే. అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే ఆ చెక్కపలక దగ్గరికి పోవాలి.

టాబులా అంటే లాటిన్‌లో మొదట చదునైన చెక్క, నేలకు పరిచేది, ఓడకు వేసేది, ఏదైనా సరే. రోమన్లు తిండి తినే బల్లను టాబులా అనలేదు, దానికి మెన్సా అని వేరే మాట ఉండేది. ఆ మెన్సా స్పానిష్‌లో మేసాగా మిగిలింది. ఫ్రాన్స్ వైపు జనం మాటల్లో టాబులా దాన్ని తోసేసి బల్ల అర్థాన్ని కూడా తీసుకుంది, అక్కడి నుంచే ఇంగ్లీషు టేబుల్‌కు కాళ్లొచ్చాయి. రోములో టాబులా మీద మనుషులు తినలేదు, రాశారు. చెక్కను మధ్యలో కొద్దిగా లోతుగా చెక్కి, అందులో మైనం పోసి, మొన ఉన్న పుల్లతో గీసేవాళ్లు. ఆ పుల్ల రెండో కొస చదునుగా ఉండేది, తప్పు రాస్తే దానితో మైనం సాపు చేసేయొచ్చు. అలా గీకి సాపు చేసిన పలకే టాబులా రాసా. పుట్టిన పిల్లవాడి మనసు ఏమీ రాయని పలక అని తత్వశాస్త్రంలో వాడే మాట అది. పలక, బలపం, తడిగుడ్డతో తుడవడం చూసిన తెలంగాణ పల్లెటూరి వాళ్లకు దీన్ని వేరే వివరించక్కర్లేదు.

ఇలాంటి పలకలు కొన్నింటిని ఒక పక్కన తాడుతో కలిపి కడితే కోడెక్స్ అనేవాళ్లు. కోడెక్స్ అంటే అసలు చెట్టు మొద్దు. పుస్తకం రూపం అక్కడ మొదలైంది, చట్టాల సంపుటికి వాడే కోడ్ అన్న మాటా అక్కడిదే. క్రీ.పూ. 451, 450 ప్రాంతంలో రోమన్ల తొలి రాత చట్టాలను అందరికీ కనిపించేలా పలకల మీద పెట్టారు, అందుకే వాటిని పన్నెండు పలకలు అంటారు. ఓటు కూడా పలకే. అంతకుముందు నోటితో బహిరంగంగా చెప్పే ఓటును మార్చి, క్రీ.పూ. 139లో గబీనియస్ తెచ్చిన చట్టంతో చిన్న పలక మీద రాసి బుట్టలో వేసే పద్ధతి ఎన్నికలకు వచ్చింది. ఆ చిన్న పలక పేరు టాబెల్లా, టాబులా పిల్ల అన్నమాట. లెక్కించేవాళ్లు అభ్యర్థి పేరుకు ఎదురుగా ఇంకో పలక మీద ఒక్కో ఓటుకు ఒక్కో చుక్క పెట్టేవాళ్లు, అందుకని లాటిన్‌లో చుక్క అన్న మాటకే ఓటు అన్న అర్థం కూడా వచ్చేసింది. ఓట్ల లెక్కింపుకూ టాబ్యులేషన్‌కూ చుట్టరికం ఎనుమాముల గోదాముల కంటే 2 వేల ఏళ్లు పాతది.

పలక మీద చట్టం, పలక మీద ఓటు అయ్యాక పలక మీద అప్పు రాకుండా ఎలా ఉంటుంది? రోమన్ ఇంటి పెద్ద జమాఖర్చుల పుస్తకాన్ని టాబులే అనే బహువచనంతోనే పిలిచేవాళ్లు. రోమన్ వకీలు సిసెరో ఒక వ్యాజ్యంలో వాదిస్తూ రోజువారీ గీసుకునే చిత్తు కాగితాలకూ ఈ టాబులేకూ తేడా చెప్తాడు: చిత్తు నెల రోజుల్లో పోతుంది, టాబులే ఎప్పటికీ ఉంటాయి, కోర్టు నమ్మేది వాటినే. మన వ్యాపారులు చిట్టా వేరు, ఆవర్జా వేరు అన్నప్పుడు చెప్పే తేడా ఇదే. వచ్చింది వచ్చినట్టు రాసేది చిట్టా. దాన్ని పేర్ల వారీగా, ఖాతాల వారీగా విడదీసి ఎక్కించేది ఆవర్జా. టాబ్యులేట్ అన్న క్రియకు తెలుగు వ్యాపారుల భాషలో అతి దగ్గరి పని ఆవర్జాకు ఎక్కించడమే అని గట్టిగా చెప్పొచ్చు.

ఇక్కడ ఒక మాట మీద కాసేపు ఆగాలి. టాబులే నోవే, అంటే కొత్త పలకలు. రోము రాజకీయాల్లో దీని అర్థం అప్పుల రద్దు. పాత లెక్కల పలకలు చెల్లవు, కొత్తవి తెరుద్దాం అన్నమాట. క్రీ.పూ. 63లో కుట్ర చేసిన కాటిలీనా తన వెంట వచ్చినవాళ్లకు ఇస్తానన్నది ఇదే, అప్పులిచ్చిన సంపన్నులు వణికిపోయిందీ ఈ రెండు మాటలకే. 1946–51 మధ్య తెలంగాణ సాయుధ పోరాటంలో జనం దొరల గడీల మీద పడ్డప్పుడు ధాన్యం పంచుకోవడంతో పాటు అప్పు పత్రాలు తగలబెట్టడం కూడా చేశారు. అప్పు మనుషుల మధ్య ఉందనుకుంటాం గానీ దానికి ప్రాణం రాతలో ఉందని వాళ్లకు తెలుసు. ఇప్పుడు ప్రభుత్వమే రుణమాఫీ చేస్తుంది, తెలంగాణ వచ్చాక మొదట లక్ష వరకు, 2024లో 2 లక్షల వరకు ప్రకటించారు. ప్రకటన వచ్చిన మర్నాటి నుంచీ రైతులు బ్యాంకుల దగ్గర, రైతు వేదికల దగ్గర అడిగిన మొదటి ప్రశ్న "లిస్టుల పేరు ఉన్నదా?" అనే. పేరు, ఆధార్, పాస్ పుస్తకం, రేషన్ కార్డు, అప్పు ఖాతా, వీటిలో ఒక గడికీ ఇంకో గడికీ పొంతన కుదరకపోతే పేరు రాదు. మాఫీ అయిందా లేదా అన్నది చివరికి పట్టిక తేలుస్తుంది, కొత్త పలకలు అన్న రోమన్ మాట అందుకే అంత సూటిగా తగులుతుంది.

అన్ని రికార్డులూ పేరుకుపోతే పెట్టడానికి ఇల్లు కావాలి. క్రీ.పూ. 78 ప్రాంతంలో రోములో కాపిటోలిన్ కొండ అంచున కట్టిన రికార్డుల భవనం పేరు టాబులారియుమ్. అక్కడ రాసి, దాచి, తీసి చూపే గుమాస్తా పేరు టాబులారియుస్. ఇది చదవగానే తెలంగాణ పాఠకుడికి పట్వారీ గుర్తుకు రావాలి. రెండు మాటలూ సరిగ్గా ఒకే అచ్చులో పుట్టాయి. సంస్కృతంలో పట్టం అంటే చదునైన పలక, రేకు, బద్దీ. రాజులు దానాలు చెక్కించిన రాగి రేకు అదే, తల మీద కట్టే బద్దీ అదే కాబట్టి పట్టాభిషేకం వచ్చింది. చెక్కిన రేకు నుంచి భూమి హక్కు కాగితానికి మారితే పట్టా అయింది, హక్కు ఉన్నవాడు పట్టాదారు, ఆ లెక్క రాసేవాడు పట్వారీ. చిన్నది అన్న అర్థంలో పట్టిక వచ్చింది, హిందీ వైపు నుంచి పట్టీగా తిరిగొచ్చింది. ఎనుమాములలో సరుకు అమ్ముకున్న రైతు చేతికి తూకం, బస్తాలు, ధర, కోతలు గళ్లల్లో రాసి ఇచ్చే తక్‌పట్టీ కూడా ఈ ఇంటి బిడ్డే. పటేల్ పట్వారీ వ్యవస్థ 1980ల్లో పోయింది, మాట మాత్రం ఊళ్లల్లో ఇంకా పోలేదు.

అంటే లాటిన్ నుంచి ఇంగ్లీషు తెచ్చుకున్న దారినే సంస్కృతం నుంచి మనమూ తెచ్చుకున్నాం. ముందు రాసే వస్తువు పేరు, తర్వాత దాని మీద రాసినదాని పేరు, తర్వాత రాసే తీరు పేరు. కాబట్టి టాబ్యులేట్‌కు తెలుగు మాట వెతుక్కోవాల్సిన అవసరం లేదు, "పట్టిక వేయడం" దాని అన్నదమ్ముడే. పట్టికీకరణ అని పాఠ్యపుస్తకాల్లో రాస్తారు, అది నోటికి బరువు. పట్టిక వేశారు అంటే అందరికీ తెలుస్తుంది, వార్తల్లో కూడా అలాగే రాస్తే మేలు. అచ్చ తెలుగులో బల్ల అన్న మాట ఉంది. అది చెక్కకూ చెల్లుతుంది, కూర్చునేదానికీ చెల్లుతుంది, బడిలో నల్లబల్లకూ చెల్లుతుంది. టాబులా నడిచిన దూరంలో సగం అది నడిచింది, లెక్కల దాకా మాత్రం పోలేదు.

ఒకచోట మాత్రం మన అలవాటు పూర్తిగా వేరు. ఇంగ్లీషు మీడియం పిల్లల్ని "టేబుల్స్ వచ్చా?" అని అడుగుతారు, వాళ్ల తాతల్ని "ఎక్కాలు వచ్చా?" అని అడిగేవాళ్లు. టేబుల్ అంటే చూసేది. ఎక్కం అంటే వల్లించేది, చెవితో పట్టుకునేది. పన్నెండో ఎక్కం మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదటి నుంచి అందుకుంటారు గానీ, ఏడో వరుసా పన్నెండో కాలమూ కలిసే చోటు ఏదని ఎవరూ చూసుకోరు. రెండింటిలోనూ ఉన్నది అవే అంకెలు. జ్ఞాపకం పెట్టుకోవడానికి రాగం బాగా పనికొస్తుంది, రెండింటిని పోల్చడానికి గళ్లు బాగా పనికొస్తాయి. అందుకే ఇంటర్‌లో లాగరిథంలు వచ్చేసరికి ఎవరూ వల్లించమనరు, పుస్తకం తెరిచి వరుసా కాలమూ పట్టుకుని చూడటం నేర్పుతారు.

లాటిన్‌కు తిరిగొస్తే, టాబులా నుంచి టాబులారె అనే క్రియ, దాని నుంచి టాబులాటుమ్ అనే మాట వచ్చాయి. వీటికి రాయడంతో ఏ సంబంధమూ లేదు. చెక్కలు పరచడం, అలా పరిచిన అంతస్తు అని అర్థం. కోట ముట్టడికి తోసుకొచ్చే చెక్క బురుజుల అంతస్తుల్ని, తీగలు పాకడానికి వరుసల్లో వదిలిన చెట్టు కొమ్మల్ని కూడా ఈ మాటతోనే చెప్పారు. అంటే టాబ్యులేట్ ధాతువులోనే కట్టుబడి ఉంది. ఇంతటితో అయిపోలేదు. పట్టికలో నిలువు వరుసను కాలమ్ అంటాం, లాటిన్‌లో కొలుమ్నా అంటే స్తంభం. ఒక్కో గడిని సెల్ అంటాం, లాటిన్‌లో కెల్లా అంటే చిన్న గది, రోమన్ గుడిలో దేవుడి విగ్రహం ఉండే లోపలి గదికి కూడా అదే పేరు. ఎక్సెల్ షీట్ ముందు కూర్చుని కాలమ్, సెల్ అని మాట్లాడుతున్నప్పుడు నోట్లో ఉన్నవి గుడి భాగాల పేర్లు. హనుమకొండలో 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిలో శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భాలయాలున్నాయి. ఒక రోమన్‌కు ఆ గుడిని వర్ణించాల్సి వస్తే కొలుమ్నాలూ మూడు కెల్లాలూ అనే చెప్పేవాడు. అడ్డ వరుసకు వాడే రో అన్న మాట మాత్రం లాటిన్ కాదు, పాత ఇంగ్లీషుది.

పట్టికగా కూర్చడం అన్న ఇప్పటి అర్థంతో టాబ్యులేట్ ఇంగ్లీషులో 18వ శతాబ్దం మొదటి సగంలో కనిపిస్తుంది. అప్పటికే ఖగోళ పట్టికలు, 1614లో నేపియర్ మొదలుపెట్టిన లాగరిథం పట్టికలు వాడుకలో ఉన్నాయి. వాటిని వేసే పనికి క్రియ ఒకటి కావాలి, పేరుకు చివర లాటిన్ తోక తగిలించి చేసుకున్నారు. ఆ పని చేతితో చేసినంత కాలం తప్పులు తప్పలేదు. చార్లెస్ బాబేజ్ 1820ల్లో లెక్కలు వేసే యంత్రం మీద పడటానికి కారణం పట్టికల్లో దొరికే తప్పులే. తర్వాత అమెరికాలో 1880 జనగణన లెక్కలు తేలడానికి ఏడెనిమిదేళ్లు పట్టేసరికి, హెర్మన్ హోలెరిత్ అట్టముక్కల్లో రంధ్రాలు పొడిచి వాటిని లెక్కించే టాబ్యులేటింగ్ యంత్రం చేశాడు, 1890 జనగణనలో దాన్నే వాడారు. 1896లో పెట్టిన అతని కంపెనీ పేరులోనే టాబ్యులేటింగ్ ఉంది. అది 1911లో ఇంకొన్నింటితో కలిసి, 1924లో ఐబీఎం అని పేరు మార్చుకుంది. కంప్యూటర్ల చరిత్రలో ఇంత పెద్ద పేరు పట్టికలు వేసే పనిలోంచి పుట్టింది.

కీబోర్డు మీద ఎడమ పక్కన ఉండే టాబ్ కీ పూర్తి పేరు టాబ్యులేటర్ కీ. టైప్‌రైటర్ మీద కాలమ్‌లు ఒకదాని కింద ఒకటి సరిగ్గా పడటానికి, క్యారేజీని ఒకేసారి నిర్ణయించిన చోటికి జరిపేందుకు పెట్టింది. బ్రౌజర్‌లో తెరిచే టాబ్‌లకు దీనితో సంబంధం లేదు, అవి ఫైలు అట్టకు పైకి పొడుచుకొచ్చే చిన్న చెవి అన్న వేరే మాట. డాక్టర్ చీటీ మీద మందు పేరు ముందు రాసే టాబ్ మాత్రం టాబ్లెట్, అంటే చిన్న పలక, టాబులా మనవరాలు. 1884లో బరోస్ వెల్‌కమ్ అనే మందుల కంపెనీ తన గట్టి బిళ్లలకు టాబ్లాయిడ్ అని పేరు రిజిస్టర్ చేసుకుంది. కుదించినది అన్న అర్థంతో అది చిన్న సైజు పేపర్లకు పాకి, ఇప్పుడు వరంగల్ జిల్లా వార్తలతో వచ్చే టాబ్లాయిడ్ దాకా వచ్చింది. తబలాకు మాత్రం వీటితో చుట్టరికం లేదు, అది అరబ్బీ నుంచి వచ్చింది.

ఇవన్నీ మాటల చుట్టరికాలు. చోట్లు ముందు ఏర్పాటు చేస్తే ఏం జరుగుతుందో దానికి ఆవర్తన పట్టిక కంటే మంచి ఉదాహరణ లేదు. 1869లో రష్యన్ శాస్త్రవేత్త మెండలీవ్ అప్పటికి తెలిసిన మూలకాల్ని పరమాణు భారం ప్రకారం, గుణాల ప్రకారం వరుసల్లో పెట్టాడు. జాబితా అయితే తెలిసినవి రాసి ఊరుకునేవాడు. పట్టిక కాబట్టి కొన్ని చోట్ల ఏ మూలకమూ కుదరక గడి ఖాళీగా మిగిలింది, ఆ ఖాళీని ఆయన అలాగే వదిలి, ఇక్కడ రాబోయేదాని గుణాలు ఇలా ఉంటాయని చెప్పాడు. అల్యూమినియం కింది ఖాళీలోకి 1875లో గాలియం వచ్చింది. దాన్ని కనిపెట్టిన ఫ్రెంచి శాస్త్రవేత్త సాంద్రత 4.7 అని చెప్తే, మెండలీవ్ అది 5.9 దగ్గర ఉండాలి, మళ్లీ కొలవండి అన్నాడు. శుద్ధి చేసి మళ్లీ కొలిస్తే 5.9 వచ్చింది. పదార్థాన్ని కళ్లతో చూడనివాడు, చూసినవాడి కొలతను సరిదిద్దగలిగాడు, ఎందుకంటే చుట్టుపక్కల గళ్లు ఆయనకు తెలుసు. 1879లో స్కాండియం, 1886లో జెర్మేనియం ఇంకో రెండు ఖాళీల్లోకి వచ్చాయి. తెలియనిది ఎక్కడుందో చూపించడం పట్టిక చేసే అన్నింటికంటే గొప్ప పని, జాబితాలో లేనిది ఎప్పటికీ కనిపించదు.

కానీ ఖాళీ కనిపించాలంటే ముందు గడి ఉండాలి. గడే గీయకపోతే అక్కడ ఏదో లేదన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. ఉత్తర తెలంగాణలో ఇది చదువుకున్నవాళ్ల చర్చ కాదు, ఊరి చావడి మాట. పాత పహాణీలో, అంటే ఊరి భూమి, సాగు వివరాల రికార్డులో, సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు లాంటి కాలమ్‌లతో పాటు భూమి ఎవరి స్వాధీనంలో ఉంది, ఎవరు సాగు చేస్తున్నారు అనే అనుభవదారు కాలమ్ ఒకటి ఉండేది, జనం కాస్తు కాలం అనేవాళ్లు. పట్టా ఒకరిది, కాస్తు ఒకరిది అన్న సంగతి పక్కపక్క గళ్లల్లో కనిపించేది. 2017 భూ రికార్డుల ప్రక్షాళన తర్వాత ఇచ్చిన కొత్త పాస్ పుస్తకాల్లో, 2020 అక్టోబర్ 29న మొదలైన ధరణి పోర్టల్‌లో (2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది) ఆ కాలమ్ లేకుండా పోయింది. ఉంచితే గొడవలు పెరుగుతాయి, పట్వారీల కాలం నుంచీ దాన్ని పట్టుకుని ఎవరి పేరు పడితే వాళ్ల పేరు రాయించుకున్నారు, హక్కు ఎవరిదో స్పష్టంగా ఉండాలి అన్నది ఒక వాదన. తీసేస్తే కౌలు రైతు, సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం ఒప్పందం) మీద కొనుక్కుని ఏళ్లుగా దున్నుకుంటున్నవాడు రికార్డులోంచే మాయమవుతారు అన్నది రెండో వాదన. మొదటి వాదనలో నిజం లేకపోలేదు. కానీ ఒక కాలమ్‌లో తప్పులు రాస్తున్నారంటే రాసే తీరును సరిచేయాలి. ఆ కాలమ్‌నే తీసేస్తే తప్పు రాతతో పాటు సరైన రాతకూ చోటు పోతుంది, పంట నష్టానికి పరిహారం ఇవ్వాల్సిన రోజున ఆ పొలంలో నిజంగా నాటు వేసింది ఎవరని రికార్డును అడిగితే జవాబు రాదు.

అందుకే భూమి తగాదా కోర్టు దాకా పోయినప్పుడు ఇప్పటికీ మొదట తీసేది 1954–55 ఖాస్రా పహాణీ. సర్టిఫైడ్ కాపీ కోసం తహసీల్దార్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టుకుంటారు, తెచ్చుకున్నాక పట్టాదారు గడి ఒకటి చూసి ఊరుకోరు, పక్కనున్న కాస్తు గడిలో ఎవరి పేరుందో కూడా చూస్తారు.